నలభై రెండు గ్రాముల గొలుసు

"జప్తు పని మీద వచ్చానండీ" అని గుమ్మంలో నిలబడ్డ ఆవిడ అంటే, గిల్టు మేస్త్రి చెవిలో అది "జబ్బు పని మీద" అని పడింది. ముప్పై ఏళ్ళు మెరుగు చక్రం రొద పక్కన పనిచేసిన చెవులు, వాటికి మాటల కొసలు అందవు. "ఇంట్లో మనుషులందరం బాగానే ఉన్నాం డాక్టరమ్మా, మంచాన పడింది మా వ్యాపారం ఒక్కటే" అన్నాడు మర్యాదగా. ఆవిడ ఫొటో ఉన్న కార్డు తీసి చూపించి "కోర్టు నుంచి" అంది. వెనక నుంచి భార్య "జప్తు అంటున్నారండీ, జప్తు. మీరు కాస్త పక్కకు జరగండి. రండి మేడమ్, కూర్చోండి" అంది. మేస్త్రి పక్కకు జరిగాడు. వారం కిందట షాపుకు సీలు పడ్డప్పటి నుంచి అతను చేస్తున్న పని అదొక్కటే, పక్కకు జరగడం.

ముందుగదిలో బల్ల మీద మేడమ్ నల్లగుడ్డ పరిచింది. గుడ్డ మీద బుల్లి త్రాసు, అరిగిన గీటురాయి, రెండు చిన్న సీసాల్లో యాసిడ్, దారాలు కట్టిన అట్టముక్కలు వరసగా పెట్టింది. ఆపరేషనుకు సర్దినట్టే సర్దుతోంది, డాక్టరమ్మ అనుకోవడంలో తన తప్పేమీ లేదనుకున్నాడు మేస్త్రి. ఆవిడ రూలు చదివి వినిపించింది. ఒంటి మీది బట్టలు, పరుపులు, వంటగిన్నెలు, చేతి పనిముట్లు దివాలా తీసిన మనిషికే వదిలేస్తారట. నగలు, గడియారాలు, కెమెరాలు, అలాంటి విలువైన సొంత వస్తువులను మాత్రం జాబితా ప్రకారం చూసి, తూచి, పట్టుకుపోయి, అమ్మి, అప్పులవాళ్ళకు పంచుతారట. అంటే వలువలు మనకి, విలువలు వాళ్ళకి, అన్న మాట మేస్త్రి పళ్ళ దాకా వచ్చి ఆగింది. మామూలు రోజైతే ఆ మాట వీధి చివరి ఇంటికి కూడా వినిపించేది, గొంతు తగ్గించి మాట్లాడటం అతనికి చేతకాదు. ఆస్తులు పోయాక మిగిలేవి అస్థులేగా మేడమ్, అని దాని వెనకే ఇంకొకటి తోసుకొచ్చింది. అదీ ఆగింది. ఎందుకంటే ఆవిడ చేతిలోని జాబితాలో తొమ్మిదో వరుసలో తన చేతిరాతతోనే ఉంది, బంగారు గొలుసు, ఒకటి, భార్యది, నలభై రెండు గ్రాములు. షాపు అప్పుకు హామీగా ఆ గొలుసు పేరు కూడా ఒకప్పుడు రాసిచ్చాడు గనుక అదీ లెక్కలోకే వస్తుంది. కాగితం కింద, ఇందులో రాసిందంతా నిజమని ప్రమాణం, దాని కింద తన సంతకం. నిజమని తేలితే ఏడాది తిరిగేసరికి అప్పులు కొట్టేస్తారు, మళ్ళీ ఎక్కడో ఒక మూల చిన్న తొట్టి పెట్టుకుని పూత పని మొదలుపెట్టుకోవచ్చు. ఒక్క వస్తువు దాచాడని తేలినా అప్పులు చచ్చేదాకా మెడ మీదే ఉంటాయి, పైన కేసు. ఆ గొలుసు నలభై రెండు గ్రాములు తూగదు. ఆ సంగతి ఈ గదిలో తన ఒక్కడికే తెలుసు.

మొదటి వరుస చేతిగడియారం. విప్పి ఇచ్చాడు. బెల్టు బకిళ్ళ ఫ్యాక్టరీ ముసలాయన, పదివేల బకిళ్ళకు పూత వేసి పంపిన రోజున, తన చేతిది తీసి ఇతని చేతికి పెట్టిన గడియారం అది. దాని కింద మణికట్టు ఎండ తగలక పాలిపోయి ఉంది, గడియారం పోయినా దాని చోటు పోలేదు. మేడమ్ దానికి ఒకటో నంబరు అట్ట కట్టింది. రెండు కెమెరా, మూడు రేడియో, అలా గబగబా తొమ్మిదికి చేరిపోవాల్సిందే, కానీ నాలుగు రాస్తూ తల ఎత్తిన మేడమ్ చూపు తలుపు పిడి మీద ఆగిపోయింది. పిడి పచ్చగా మెరుస్తోంది. అక్కణ్ణుంచి గొళ్ళెం మీదికి, కిటికీ కొక్కేల మీదికి, కాఫీ కప్పులోని చెంచా మీదికి, అలమర కింద ఎలుకల బోను మీదికి వెళ్ళింది చూపు. అన్నీ పచ్చగానే ఉన్నాయి. "ఇవి జాబితాలో లేవేం?" అంది. "అవి బంగారం కావు మేడమ్, బంగారంలో మునిగి లేచినవి" అన్నాడు. కొత్తగా తొట్టి కలిపిన ప్రతిసారీ బయటివాడి సరుకు ముంచకుండా ముందు ఇంటి వస్తువు ఒకటి ముంచి చూడటం అతని పద్ధతి. ముప్పై ఏళ్ళలో ఇల్లంతా అలా ఒక్కొక్కటిగా పూత పూసింది, కాయ మాత్రం కాయలేదు. "ఎలుకల బోను కూడానా?" అంది మేడమ్. "పట్టుబడేవాళ్ళకు కాస్త మర్యాద ఉండాలని మేడమ్." మేడమ్ నవ్వలేదు. గీసి చూడాల్సిందేనంది. పిడికి రాయి ఆనించి గీసింది, గీత మీద యాసిడ్ చుక్క వేసింది, చూసింది, కాదని రాసుకుంది. చెంచా గీసింది. కొక్కెం గీసింది. ఒక్కో వస్తువు గీసినప్పుడల్లా మేస్త్రికి రెండు నిమిషాల ఊపిరి. ఇంకొన్ని చెంచాలు ముంచి ఉండాల్సింది అనుకున్నాడు. ఫోర్కులు కూడా. మంచం కోళ్ళు కూడా.

భార్య గోడకు దగ్గరగా కుర్చీలో కూర్చుంది. మెడ బోసిగా ఉంది. గొలుసు పెట్టెలోనే ఉంటుంది, ఎప్పుడో పెళ్ళిళ్ళకు తప్ప వేసుకోదు, ఈ ఏడేళ్ళుగా పెళ్ళిళ్ళకు కూడా వేసుకోలేదు. ఇప్పుడెవరండీ అంత బరువు మోసేది, అనేది. బరువు. ఆ మాట అన్నప్పుడల్లా అతనికి కరెంటున్న తొట్టిలో చేయి పెట్టినట్టుండేది, ఇది చూసి అంటోందా, చూడక అంటోందా అని. ఆ గొలుసు మీద చెయ్యి వేసింది మొదటిసారి ఆరేళ్ళ కిందట. భార్య వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిన మధ్యాహ్నం. పర్సుల ఫ్రేములు మూడు వందలు మర్నాటికి ఇవ్వాలి, తొట్టి పలచబడి ముంచిన ప్రతిదీ కామెర్ల రోగి గోళ్ళలా తేలుతోంది, తొట్టిలో కలిపే బంగారు ఉప్పు అమ్మేవాడు పాత బాకీ కట్టందే పొట్లం విప్పనన్నాడు. స్టూలెక్కి దుప్పట్ల వెనక పెట్టె తీశాడు. ప్లస్ వైరుకు బంగారం కడితే అది కరిగి నీళ్ళలోకి దిగుతుంది, నీళ్ళలోంచి మైనస్ వైరుకు కట్టిన ఫ్రేముల మీదికి ఎక్కుతుంది. కోట్ల మంది మొగుళ్ళు పెళ్ళాం నగ అమ్ముకున్నారు, కుదువ పెట్టారు, తాగేశారు. నానబెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాడు ఆ రోజు, ఆ దుఃఖంలో కూడా కాస్త గర్వంగా. ఒక గంట. ఒక గ్రాము పోయి ఉంటుంది, అంతే. తీశాక గొలుసు జ్వరం పడి లేచినవాడి మొహంలా ఉంది. అలా పెట్టెలో పెడితే దొరికిపోతాడు గనుక వైరు మార్చి, ప్లస్ తీసి మైనస్ తగిలించి, పలచగా ఒక పూత వేసి, తుడిచి, మళ్ళీ దుప్పట్ల వెనక పెట్టేశాడు. పైన గిల్టు, లోపల గిల్టీ. ఇంతకన్నా మంచి శ్లేష జీవితంలో దొరకలేదు, ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. అలా పదకొండు సార్లు. ఒక్కసారీ తూచలేదు. తూచడమంటే దొంగతనానికి రశీదు రాసుకోవడమే. పదకొండు గ్రాములు, పోనీ పన్నెండు, ముప్పై అయినా మిగిలి ఉంటుంది. ముప్పై అంటే ఏం చెప్పాలి, అరిగిందనా, మెడలో వేసుకోని గొలుసు దేనికి అరుగుతుంది, పెట్టె నాకిందా.

"ఇది?" అంది మేడమ్. చొక్కా గుండీ. చొక్కా మీదే ఉంది, ఇతని ఛాతీ మీద. గీయడానికి వంగింది. గుండె చప్పుడు ఆవిడకు వినబడుతుందేమోనని ఊపిరి బిగబట్టాడు. కిటికీ దగ్గర స్టూలు మీద బావమరిది కూర్చున్నాడు, ఇంటి బయటి మనిషి ఒకడు సాక్షిగా ఉండాలంటే వచ్చాడు. అతన్ని చూస్తే మేస్త్రి ఇప్పటికీ లేచి నిలబడబోతాడు. ఏడేళ్ళ కిందట వీధి మురుగుకాలవ పొంగి షాపులోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి, తొట్టి తలకిందులైంది, తొట్టిలోని బంగారమంతా మురుగులో కలిసి ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది. ఊళ్ళో ఎలుకలన్నీ ఆ రాత్రి పసిడి తాగాయి. మూడు రోజులు మేస్త్రి అన్నం ముట్టలేదు. నాలుగో రోజు బావమరిది ఒక కవరు తెచ్చి చేతిలో పెట్టాడు, కొత్తగా తొట్టి కలుపుకోవడానికి సరిపడా డబ్బు, తిరిగి ఇవ్వక్కర్లేదన్నాడు. అప్పటిదాకా మేస్త్రి అతన్ని ఒరేయ్ అని పిలిచేవాడు, ఆ క్షణం నుంచి గారు చేర్చాడు. బావమరిదిగారూ రండి, బావమరిదిగారూ కూర్చోండి, మీ సరుకేదైనా ఉంటే పడేయండి, పైసా తీసుకోను. అప్పుడప్పుడు బావమరిది ఏదో ఒక మూట తెచ్చేవాడు, స్నేహితుల ఇళ్ళవట, కమ్మలు, గాజులు, గొలుసులు. మేస్త్రి ప్రాణం పెట్టి దట్టంగా పూసి ఇచ్చేవాడు. గారు అన్నప్పుడల్లా ఎందుకో అతను మొహం ముడుచుకునేవాడు. దానం చేసినవాడికి పొగడ్త గిట్టదేమో, గొప్ప మనిషి అనుకునేవాడు మేస్త్రి.

ఆ డబ్బుతో కలిపిన తొట్టి ఎంత బాగుండేదో. ఒక ఏడాది. తరవాత ఎందుకు ఎర్రబడిందో. ముంచిన సరుకు పచ్చగా కాక రాగి ఛాయతో తేలేది, నెల తిరక్కుండా నల్లబడేది. నీళ్ళు మార్చాడు, వడపోత మార్చాడు, ఉప్పు అమ్మేవాణ్ణి మార్చాడు. మామగారి మీద కూడా అనుమానపడ్డాడు. గొలుసు తీసిన ప్రతిసారీ లోపల ఎర్రగా కనబడేది గదా, ముసలాయన కూతురికి రాగి కలిపిన బంగారం అంటగట్టాడని నిర్ధారణ చేసుకున్నాడు. చనిపోయిన మనిషిని ఫొటోలో చూసినప్పుడల్లా మనసులో ఒక చురక వేసేవాడు, మామా, నీది బంగారంలాంటి మనసు, సగం రాగి. ఇరవై ఏళ్ళు తన దగ్గర తొట్టి కడిగిన పాత పనివాణ్ణి, సరిగ్గా కడగడం లేదని, అందరి ముందూ అరిచి పంపేశాడు. ఆయన వెళ్తూ చేతులు చూపించాడు, శుభ్రంగా కడుక్కున్న చేతులు, ఒక్క మాట అనలేదు. బకిళ్ళ ఫ్యాక్టరీ మూడు వేల బకిళ్ళు వెనక్కి పంపింది. పర్సులవాళ్ళు అడ్వాన్సు వెనక్కి అడిగారు. ఒకరి తరవాత ఒకరు. తొట్టి ఎందుకు చెడిందో ఇవాళ్టికీ తెలియదు, వైద్యుడికి కూడా అంతుచిక్కని జబ్బు.

"తొమ్మిది" అంది మేడమ్.

భార్యే లేచి వెళ్ళి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీసింది. గొలుసు నల్లగుడ్డ మీద మెరిసింది, పోయిన నెల వేసిన పూత, పదకొండోది, బాగా కుదిరింది, అంత భయంలోనూ ఆ మాట అనుకున్నాడు. మేడమ్ దాన్ని త్రాసులో వేసింది. అంకెలు పైకి పోయాయి, ఊగాయి, నిలబడ్డాయి. పద్నాలుగు. త్రాసు పాడైందనుకున్నాడు. మేడమ్ గొలుసు తీసి, సున్నా చూసి, మళ్ళీ వేసింది. పద్నాలుగు. ముప్పైకి పద్నాలుగుకి మధ్య పదహారు గ్రాములు ఎక్కడికి పోయాయి, గంటకు గ్రాము కాదా, తను అనుకున్నదానికన్నా పెద్ద దొంగా తను, లేక ఇంట్లో ఇంకో దొంగ ఉన్నాడా. చూపు దానంతటదే బావమరిది వైపు వెళ్ళింది. బావమరిది సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. మూడే ఉన్నాయి, ఎంతసేపని లెక్కపెడతాడు.

మేడమ్ గొలుసు కొసను రాయి మీద గట్టిగా గీసింది. చుక్క వేసింది. గీత పొంగింది, ఆకుపచ్చగా తిరిగింది, లేదు. రాయి మీద ఏమీ లేదు. "ఇది ఇత్తడి" అంది, టైమెంతయిందో చెప్పినట్టు.

ఇత్తడి అన్న మాట ఈసారి కొసతో సహా వినబడింది. వినబడింది కానీ ఎక్కడా దిగలేదు, తల చుట్టూ ఈగలా తిరుగుతోంది. ఇత్తడి ఎలా అవుతుంది, నేను కరిగించానే, పదకొండు సార్లు ప్లస్ వైరుకు కట్టానే, కట్టి కరిగించి, ఏమిటి కరిగించింది మరి, ఏమిటి నా తొట్టిలోకి దిగింది. జీవితమంతా మాటను మాట మీదికి ఎక్కించి ఆడించిన మనిషికి ఒక్క అక్షరం దొరకలేదు. మేడమ్ కలం తెరిచింది. "అసలు గొలుసు ఎక్కడ దాచారు?" అంది.

"దాచలేదు మేడమ్, అమ్మేశాను" అంది భార్య. "ఏడేళ్ళయింది. షాపులోకి నీళ్ళొచ్చినప్పుడు. ఈయన తిండి మానేసి గోడ చూస్తూ కూర్చున్నారు, అప్పుడు. డబ్బు మా తమ్ముడి చేత ఇప్పించాను, నేనిస్తే తీసుకోరని."

బావమరిది ఫ్యాను వదిలి కిందికి చూశాడు. "చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది బావా. నువ్వు గారూ గారూ అంటుంటే నాకు ప్రతిసారీ ఒళ్ళు చచ్చిపోయేది. ఒరేయ్ అనవయ్యా మహానుభావా అని ఎన్నిసార్లు అనుకున్నానో."

"ఈ ఇత్తడిది కూడా వీడే తెచ్చాడు మేడమ్, అచ్చం అలాంటిదే చూసి. స్నేహితుడి వాళ్ళదని చెప్పి ఈయన చేతే పూత వేయించాడు" అంది భార్య. అప్పుడు ఆమె మొదటిసారి భర్త వైపు తిరిగింది. ఆ మొహం చూసి మేస్త్రి ఇంకా భయపడ్డాడు, ఎందుకంటే అందులో కోపం లేదు. "ఇది ఇత్తడిదని ఈయనకు తెలుసు. ఆ తరవాత తెలిసిపోయింది. నేను ఊరెళ్ళి వచ్చినప్పుడల్లా పెట్టె దుప్పట్ల వెనక వేరేగా ఉండేది, తీసి చూస్తే గొలుసు కొత్తదానిలా మెరుస్తుండేది. పూత చెరిగిపోయి బయటివాళ్ళకు తెలిస్తే నాకు నామోషీ అని, నాకు చెప్పకుండా మళ్ళీ పూసి పెట్టేవారు. తన చేతి పూత తనకు తెలియదా. ఎందుకు అమ్మావని ఒక్కనాడు అడగలేదు, ఒక్క మాట అనలేదు. ఆ ఫారంలో బంగారమని రాసింది కూడా నలుగురి ముందు, మీ ముందు నన్ను నిలబెట్టడం ఇష్టం లేకే. తప్పుంటే నాది రాసుకోండి."

మేడమ్ కలం గాలిలో ఉంది. "ఆమె చెప్పింది నిజమేనా? గొలుసు ఇత్తడిదని తెలిసే బంగారమని రాసి ప్రమాణం చేశారా?" అంది మేస్త్రితో. "అవునంటే అబద్ధపు ప్రమాణం కింద వస్తుంది. కాదంటే మీకు ఇన్నాళ్ళూ తెలియదని రాస్తాను. ఏదో ఒకటి చెప్పాలి."

అవునంటే చాలు. కాదు కన్నా ఒక అక్షరం ఎక్కువ, అంతే. అప్పులు పోవు, తొట్టి మళ్ళీ ఉండదు, కేసు ఉంటుంది, కానీ ఆ మొహం అలాగే ఉంటుంది. ఇలాంటి మొహంతో ఆమె తన వైపు ఎప్పుడు చూసింది. ఎప్పుడూ చూస్తూనే ఉందన్నమాట, ఆరేళ్ళుగా, అన్నం వడ్డిస్తూ, చొక్కాకు గుండీ కుడుతూ, ఇతను శ్లేషల మీద శ్లేషలు వేస్తుంటే తలవంచుకుని నవ్వుతూ, మనసులో ఇది పెట్టుకుని చూస్తూనే ఉంది. తనేమో ఆ చూపులో అనుమానం వెతికాడు. అవునను. అనేయ్. పాత పనివాడి చేతులు గుర్తొచ్చాయి, తడిగా, శుభ్రంగా, గుమ్మంలో. అవునంటే తొట్టి ఎందుకు చెడిందో ఎప్పటికీ చెప్పలేడు. ఆ చేతులు ఎప్పటికీ అలా గాలిలోనే ఉండిపోతాయి.

"కాదు మేడమ్" అన్నాడు. తన గొంతు ఇంత చిన్నగా వస్తుందని అతనికి తెలియదు. "నాకు తెలియదు. బంగారమనే అనుకున్నాను. బంగారమనుకునే దొంగిలించాను." భార్య వైపు చూడకుండా, నల్లగుడ్డకు చెప్పినట్టు చెప్పాడు. ఉప్పు కొనడానికి డబ్బు లేనప్పుడల్లా గొలుసు తీసుకెళ్ళి ప్లస్ వైరుకు కట్టి గంటసేపు కరిగించిన సంగతి, అది వెలిసిపోతే దొరికిపోతానని పూత వేసి పెట్టెలో పెట్టిన సంగతి. "ఎర్రగా కనబడితే మామగారు మోసం చేశారనుకున్నాను. ఇత్తడిలో సగానికి పైగా రాగేగా, అది కరిగితే ఎర్రగా కాక ఎలా ఉంటుంది. ఆవిడ బంగారం అమ్మి నాకు తొట్టి కలిపి ఇచ్చింది. అందులోకి నేను ఆవిడ ఇత్తడే కరిగించి పోశాను. సరుకు నల్లబడింది అందుకు. బకిళ్ళు తిరిగొచ్చింది అందుకు. పాత పనివాడి తప్పు లేదు, ఉప్పువాడి తప్పు లేదు. ఈ షాపు మునిగింది ఆ గొలుసుతోనే."

బావమరిది "ఓరి నాయనో" అన్నాడు, నెమ్మదిగా, తనలో తను.

"మరి ఆ పూత?" అంది భార్య.

"కనబడకుండా ఉండాలని."

"ప్రతిసారీ అందుకేనా?"

ఒక్కసారికైనా కాదు అనడానికి ఇంకా చోటుంది. "పదకొండు సార్లూ అందుకే" అన్నాడు.

మేడమ్ రాసుకుంది. రాసి, అందరూ వినాలి కాబట్టి పైకి చదివింది, ఎత్తుపల్లాలు లేని గొంతుతో. భార్య బంగారు గొలుసును అమ్మి ఆ సొమ్మును తమ్ముడి ద్వారా వ్యాపారంలో పెట్టినది, దాని స్థానంలో ఇత్తడి గొలుసు ఉంచినది, భర్త అది ఎరుగక దానిని బంగారమని భావించి వ్యాపారంలో కరిగించినాడు, భార్య అది ఎరుగక అతనికి విషయం తెలుసునని భావించినది, సొమ్ము ఎవరూ దాచలేదు. తొమ్మిదో వరుస కొట్టేసి పక్కన రాసింది, ఇత్తడి గొలుసు, ఒకటి, విలువ లేదు. అట్టముక్క కట్టలేదు. "ఇది మేం తీసుకోం, మీరే ఉంచుకోవచ్చు" అని గొలుసును నల్లగుడ్డ మీంచి ఇద్దరికీ మధ్యకు జరిపింది.

ఎవరూ చెయ్యి చాచలేదు.

"ఆరేళ్ళు ఈ మనిషి గొప్పవాడని లోపల లోపల మురిసిపోతూ బతికాను" అంది భార్య, మొగుడితో కాదు, మేడమ్‌తో. "అది ఏ వరుసలో రాస్తారు మేడమ్?"

మేడమ్ కాగితాన్ని పైనుంచి కిందిదాకా నిజంగానే వెతికింది.